‘ఆరోగ్య విద్య’ నుంచి ‘ఆరోగ్య సంవర్ధనం’ వరకు: విశ్వవిద్యాలయంలో ఒక శాస్త్రం పేరు మారిన చరిత్ర

వ్యాససంగ్రహం:
హెల్త్ ప్రమోషన్ నేడు అనేక విశ్వవిద్యాలయాలలో ప్రత్యేక పాఠ్యాంశం. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ శాస్త్రం హైజీన్, ఆరోగ్య విద్య అనే పేర్లను దాటి ప్రస్తుత నామాన్ని పొందింది. పేరు మారిన ప్రతిసారీ ‘అనారోగ్యానికి బాధ్యులెవరు?’ అనే ప్రశ్నకు సమాధానం కూడా మారింది. సిద్ధాంతంలో వచ్చిన ఈ మార్పు ఆచరణ బోధనలోకి పూర్తిగా రాలేదని, తెలుగులో స్థిరమైన పారిభాషిక పదం లేకపోవడం ఆ లోపాన్ని కప్పిపుచ్చుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆరోగ్య విద్య, ఆరోగ్య సంవర్ధనం, సిగరిస్ట్, భోర్ కమిటీ, ఒటావా ప్రకటన, దూబగుంట, పరిభాష.

1. ఉపోద్ఘాతం:

ప్రజారోగ్య విద్యార్థుల కోసం ఆంగ్లంలో ఉన్న ఒక పాఠ్యభాగాన్ని తెలుగులోకి తెచ్చే పనిలో కొంతకాలం క్రితం ఈ వ్యాసకర్త పాలుపంచుకోవడం జరిగింది. ‘హెల్త్ ఎడ్యుకేషన్’ అన్నచోట అందరమూ సందేహం లేకుండా ‘ఆరోగ్య విద్య’ అని రాశాం. నాలుగు పంక్తుల తర్వాత వచ్చిన ‘హెల్త్ ప్రమోషన్’ దగ్గర కలం ఆగింది. ఒకరు ‘ఆరోగ్య ప్రోత్సాహం’ అన్నారు. మరొకరు ‘ఆరోగ్యాభివృద్ధి’ అన్నారు. ‘ఆరోగ్య పరిరక్షణ’ కూడా చర్చకు వచ్చింది. గడువు దగ్గరపడటంతో చివరకు అక్కడా ‘ఆరోగ్య విద్య’ అనే పదమే పడింది. మూలంలో రెండు భావనల మధ్య భేదాన్ని వివరించే పేరా, తెలుగులో ఒక భావనను దానితోనే పోల్చే పేరాగా మారిపోయింది.

ఇది అనువాదకుల అజాగ్రత్త మాత్రమే అనుకుంటే సమస్య అక్కడితో తీరిపోతుంది. కానీ ఆ రెండు పదాల మధ్య సుమారు అర్ధశతాబ్దపు విశ్వవిద్యాలయ చరిత్ర ఉంది. ఆ చరిత్రను పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశ్యం. చర్చా సౌలభ్యం కోసం ‘హెల్త్ ప్రమోషన్’కు ఇక్కడ ‘ఆరోగ్య సంవర్ధనం’ అనే పదాన్ని వాడుతున్నాను. హిందీలో ‘స్వాస్థ్య సంవర్ధన్’ ఇప్పటికే వాడుకలో ఉంది. అయితే మన ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రం చదివినవారికి ‘వర్ధనం’ అనగానే గాజునాళికలో కణజాలాన్ని పెంచే ‘కణజాల వర్ధనం’ గుర్తుకు వస్తుంది. కనుక ఈ పదం కూడా నిర్దుష్టమైనదని చెప్పలేను.

2. హైజీన్ పాఠశాలల కాలం:

ప్రజారోగ్యాన్ని వైద్యవిద్య నుంచి విడిగా, విశ్వవిద్యాలయ స్థాయిలో బోధించాలన్న ఆలోచనకు అమెరికాలో 1915 నాటి వెల్చ్–రోజ్ నివేదిక రూపమిచ్చింది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ధనసహాయంతో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో 1916లో ఏర్పడిన పాఠశాల 1918లో తరగతులు ప్రారంభించింది. దాని పేరు ‘హైజీన్, ప్రజారోగ్య పాఠశాల’. అదే ఫౌండేషన్ సహకారంతో 1932లో కలకత్తాలో అఖిల భారత హైజీన్, ప్రజారోగ్య సంస్థ నెలకొన్నది. పేరులోని పోలిక యాదృచ్ఛికం కాదు. సూక్ష్మజీవి శాస్త్రం, పారిశుద్ధ్యం, గణాంకాలు ఈ పాఠశాలల్లో ప్రధానాంశాలు. క్రిమి ఎక్కడున్నదో కనుగొని దాన్ని నిర్మూలించగల అధికారిని తయారుచేయడం వాటి లక్ష్యం. ప్రజలు ఈ చిత్రంలో ప్రధానంగా పరీక్షకూ టీకాకూ లోబడేవారు.

అయినా ‘ప్రమోషన్’ అనే భావన అప్పటికే బీజరూపంలో ఉంది. యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సి.ఇ.ఎ. విన్‌స్లో 1920లో ప్రజారోగ్యానికి ఇచ్చిన ప్రసిద్ధ నిర్వచనంలో వ్యాధి నివారణ, ఆయుష్షు పొడిగింపులతోపాటు ఆరోగ్యాన్ని పెంపొందించడం కూడా ఉంది. ఆ మూడవ అంశం పాఠ్యప్రణాళికగా విస్తరించడానికి చాలాకాలం పట్టింది.

3. 1944: ఒక చరిత్రకారుడు, రెండు దేశాలు:

ఈ శాస్త్ర చరిత్రలో నాకు అత్యంత ఆసక్తికరంగా కనిపించే వ్యక్తి వైద్యాధికారి కాదు, చరిత్రకారుడు. హెన్రీ సిగరిస్ట్ (1891–1957) జాన్స్ హాప్‌కిన్స్‌లో వైద్యచరిత్ర సంస్థకు 1932 నుంచి 1947 వరకు సంచాలకుడు. 1944లో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో టామీ డగ్లస్ ప్రభుత్వం ఏర్పడగానే అక్కడి ఆరోగ్య అవసరాల సర్వేను సిగరిస్ట్‌కు అప్పగించింది. ఆ నివేదికను సమర్పించిన కొద్దికాలానికే, అదే సంవత్సరం చివరలో ఆయన భారతదేశానికి వచ్చాడు. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో నియమితమైన ఆరోగ్య సర్వే, అభివృద్ధి కమిటీకి సలహా ఇవ్వడానికి ఆహ్వానించిన విదేశీ నిపుణులలో ఆయన ఒకడు. ఆక్స్‌ఫర్డ్‌లో సామాజిక వైద్యశాస్త్ర పీఠానికి తొలి ఆచార్యుడైన జాన్ రైల్ మరొకడు.

భోర్ కమిటీ సభ్యులలో డా. ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్ పేరు తెలుగువారు గమనించదగినది. కర్నూలులో జన్మించిన ఆయన 1942 నుంచి 1969 దాకా మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు. 1946లో వెలువడిన కమిటీ నివేదిక పోషకాహారం, నివాసం, తాగునీటి వంటి విషయాలను వైద్యశాలల చర్చ నుంచి వేరుచేయలేదు. గ్రామ ఆరోగ్య కమిటీల ద్వారా ప్రజల సహకారాన్ని కోరింది. ప్రతి వైద్య విద్యార్థికీ నివారక, సామాజిక వైద్యంలో మూడు నెలల శిక్షణ ఉండాలని, వైద్యుడు ‘సామాజిక వైద్యుడు’ కావాలని ప్రతిపాదించింది.

సిగరిస్ట్ భావాలు అదే 1946లో ‘ద యూనివర్సిటీ ఎట్ ద క్రాస్‌రోడ్స్’ అనే వ్యాససంపుటిలో వచ్చాయి. వైద్యానికి నాలుగు కర్తవ్యాలున్నాయని అందులో ఆయన వాదించాడు. ఆరోగ్యాన్ని పెంపొందించడం, వ్యాధిని నివారించడం, రోగిని స్వస్థుని చేయడం, పునరావాసం కల్పించడం అనేవి ఆ నాలుగు. ఈ క్రమంలో మొదటిదానికి ఆయన చెప్పిన సాధనాలు మందులూ కావు, ఉపన్యాసాలూ కావు. మర్యాదగా బతకగల ఆదాయం, మంచి పని పరిస్థితులు, చదువు, వ్యాయామం, విశ్రాంతి, వినోదం. వీటిని సమకూర్చడానికి వైద్యునితోపాటు రాజకీయవేత్త, కార్మికుడు, యజమాని, అధ్యాపకుడు చేతులు కలపాలన్నాడు. ఆరోగ్య సంవర్ధన సిద్ధాంతపు తొలి స్పష్టమైన ప్రకటనల్లో ఒకటి విశ్వవిద్యాలయ భవిష్యత్తును గురించిన పుస్తకంలో చోటుచేసుకోవడం విశేషం. నలభై రెండేళ్ళ తర్వాత ఈ శాస్త్రానికి ప్రామాణిక పత్రం వెలువడిన దేశమూ, ఆయన 1944లో సర్వే చేసిన దేశమూ ఒకటే. భారతదేశం మాత్రం ఈ మధ్యకాలంలో వేరే దారిలో నడిచింది.

4. ‘ఆరోగ్య విద్య’ ప్రాబల్యం:

రెండవ ప్రపంచయుద్ధానంతరం అమెరికన్ విశ్వవిద్యాలయాలలో ‘హెల్త్ ఎడ్యుకేటర్’ ప్రత్యేక వృత్తిగా స్థిరపడ్డాడు. 1950లో వారికి వృత్తిసంఘం కూడా ఏర్పడింది. ఈ దశకు పునాదిరాయి వంటి అధ్యయనం క్షయవ్యాధి ఎక్స్‌రే పరీక్షలకు సంబంధించినది. పరీక్ష అందుబాటులో ఉన్నా జనం ఎందుకు రావడం లేదన్నది ప్రశ్న. అమెరికా ప్రజారోగ్య సేవా విభాగంలోని హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ తదితర మనస్తత్వవేత్తలు 1950లలో దీనికి సమాధానంగా ‘ఆరోగ్య విశ్వాస నమూనా’ను నిర్మించారు. తనకు జబ్బు రావచ్చనీ, వస్తే ప్రమాదమనీ, పరీక్షవల్ల మేలనీ, ఆ మేలు ఇబ్బందికంటే ఎక్కువనీ మనిషి నమ్మితేనే కదులుతాడని దీని సారం. ఈ నమూనా నేటికీ ప్రతి ఆరోగ్య సంవర్ధన పాఠ్యగ్రంథంలోనూ కనిపిస్తుంది.

ఇందులోని మంచిని తక్కువచేయనక్కరలేదు. ప్రజలు లోబడేవారు మాత్రమే కాదు, ఆలోచించేవారు కూడా అని ఇది గుర్తించింది. బర్క్‌లీలో ఆరోగ్య విద్యను బోధించిన ఆచార్య డొరొతీ నైస్వాండర్ వంటివారు ప్రజలు ఉన్నచోటు నుంచే మొదలుపెట్టాలని నొక్కిచెప్పారు. అయినా ఈ దృక్పథంలో మారవలసింది చివరికి వ్యక్తి మనసే. ఎక్స్‌రే బండి వచ్చే వేళకు ఒక కూలీ పనిలో ఉండవలసి రావడం ఈ నమూనాలో ‘అవరోధం’ అనే గడిలో ఒక అంశం మాత్రమే అవుతుంది.

భారతదేశం ఈ దృక్పథాన్నే స్వీకరించింది. 1956లో కేంద్ర ఆరోగ్య విద్యా విభాగం ఢిల్లీలో ఏర్పడింది. కలకత్తా సంస్థలో ఆరోగ్య విద్యలో డిప్లొమా వచ్చింది. దక్షిణాదిలో దిండిగల్లు సమీపాన డా. టి.ఎస్. సౌందరం, జి. రామచంద్రన్ 1947లో స్థాపించిన గాంధీగ్రామ్ ఆరోగ్య విద్యా శిక్షణకు ప్రధాన కేంద్రమైంది. అక్కడ 1964లో వెలసిన సంస్థ పేరు గమనించదగినది: ‘గ్రామీణ ఆరోగ్య, కుటుంబ నియంత్రణ సంస్థ’. గాంధేయ గ్రామపునర్నిర్మాణ స్ఫూర్తితో పుట్టిన ప్రాంగణంలో కూడా ఆరోగ్య విద్యకు జంటగా కుటుంబ నియంత్రణ నిలిచింది.

1960ల తొలినాళ్ళలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం ‘విస్తరణ పద్ధతి’ని చేపట్టడంతో ఆరోగ్య విద్యలో శిక్షణ పొందినవారికి బ్లాక్ స్థాయిలో ఎక్స్‌టెన్షన్ ఎడ్యుకేటర్ ఉద్యోగాలు వచ్చాయి. కార్యక్రమం లక్ష్యాల వెంట సాగింది. ఎర్ర త్రికోణం గోడల మీదికెక్కింది. ‘విద్య’ అంటే ముందే నిర్ణయమైన ఒక చర్యకు ప్రజలను ఒప్పించడమైంది. అత్యవసర పరిస్థితి కాలంలో (1975–77) ఒప్పించడం నిర్బంధంగా మారడం అందరికీ తెలిసిన చరిత్ర. 1977లో ప్రభుత్వం ‘కుటుంబ నియంత్రణ’ను ‘కుటుంబ సంక్షేమం’గా మార్చింది. తెలుగు జనవ్యవహారంలో మాత్రం పాత పేరే నిలిచింది. దీని పర్యవసానాన్ని చివరి భాగంలో ప్రస్తావిస్తాను.

5. ఒటావా, ఆ తరువాత:

కెనడా ఆరోగ్యమంత్రి మార్క్ లాలోండ్ పేరిట 1974లో వెలువడిన నివేదిక ఆరోగ్యాన్ని జీవనిర్మాణం, పర్యావరణం, జీవనశైలి, వైద్యసేవల వ్యవస్థ అనే నాలుగు క్షేత్రాలుగా విభజించింది. వైద్యసేవలు నాలుగింటిలో ఒకటి మాత్రమేనని ఒక ప్రభుత్వం అంగీకరించడం కొత్త విషయం. కానీ ఆచరణలో ప్రభుత్వాలకు సులువుగా చేతికందినది ‘జీవనశైలి’. పొగ మానండి, నడవండి, ఉప్పు తగ్గించండి అనడానికి ఖర్చు తక్కువ, ప్రతిఘటన కూడా తక్కువ. రాబర్ట్ క్రాఫర్డ్ 1977లోనే దీన్ని బాధితునిపైనే నింద మోపే భావజాలంగా విమర్శించాడు. 1978 ఆల్మా–ఆటా ప్రకటన ప్రాథమిక ఆరోగ్య సంరక్షణను సామాజిక న్యాయంతో ముడిపెట్టింది. 1980లో బ్రిటన్‌లో వచ్చిన బ్లాక్ నివేదిక వర్గాల మధ్య మరణాల అంతరాన్ని చూపింది.

ఈ విమర్శల నేపథ్యంలో 1986 నవంబరు 21న ఒటావాలో 38 దేశాల నుంచి వచ్చిన 212 మంది ఆమోదించిన ప్రకటన ఆరోగ్య సంవర్ధనాన్ని నిర్వచించింది. ప్రజలు తమ ఆరోగ్యంపై తామే పట్టు పెంచుకొనేలా, దాన్ని మెరుగుపరచుకొనేలా వారిని సమర్థులను చేసే ప్రక్రియ అది. శాంతి, నివాసం, విద్య, ఆహారం, ఆదాయం, సుస్థిర జీవావరణం, తరగని వనరులు, సామాజిక న్యాయం ఆరోగ్యానికి ముందు ఉండవలసినవి. చేయవలసిన పనులు అయిదు: ఆరోగ్యదాయకమైన విధానాల రూపకల్పన, అనుకూల పరిసరాల కల్పన, సామూహిక చర్య, వ్యక్తిగత నైపుణ్యాల పెంపు, వైద్యసేవల దిశ మార్పు. ఆరోగ్య విద్య ఇందులో పోలేదు, అయిదింటిలో నాలుగవదానిలో ఒదిగిపోయింది. సదస్సుకు వచ్చినవారిలో అధికులు పారిశ్రామిక దేశాలవారన్నది ఈ పత్రానికి ఉన్న పరిమితి.

విశ్వవిద్యాలయాలు ఈ పేరును త్వరగానే అందిపుచ్చుకున్నాయి. ‘హెల్త్ ప్రమోషన్’ అనే పత్రిక 1986లోనే మొదలైంది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాలలో ఈ పేరుతో స్నాతకోత్తర కోర్సులు విస్తరించాయి. లీడ్స్‌లో బోధించిన కీత్ టోన్స్ ఆరోగ్య సంవర్ధనాన్ని ఆరోగ్య విద్య, ఆరోగ్యదాయక విధానాల గుణకారంగా చెప్పాడు. ఇక్కడ కూడిక కాక గుణకారాన్ని ఎంచుకోవడంలోనే ఔచిత్యం ఉంది. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే.

భారతదేశంలోనూ పేరు మారింది. కలకత్తా, గాంధీగ్రామ్ డిప్లొమాల పేర్లలో ‘ఆరోగ్య విద్య’కు ముందు ‘ఆరోగ్య సంవర్ధనం’ వచ్చి చేరింది. తిరువనంతపురం నుంచి హైదరాబాదు వరకు వివిధ సంస్థలు ప్రజారోగ్యంలో స్నాతకోత్తర పట్టా నెలకొల్పి, అందులో ఈ విషయాన్ని బోధిస్తున్నాయి. ఒటావా సూత్రాలు మొదటి యూనిట్‌లో ఉంటాయి. క్షేత్ర అధ్యయనానికి వచ్చేసరికి మాత్రం ప్రజల ‘జ్ఞానం, వైఖరి, ఆచరణ’లను కొలిచే ప్రశ్నావళి విద్యార్థి చేతికి వస్తుంది. ‘అవగాహన లోపం ఉన్నది, అవగాహన కల్పించాలి’ అన్న వాక్యంతో సిద్ధాంతవ్యాసం ముగియడం తరచుగా చూస్తాం. విధానాన్ని కొలిచే ప్రశ్నావళి ఉండదు. టోన్స్ లెక్కలోని రెండవ అంకెను రాయకుండా విడిచిపెట్టడమే ఇది.

6. నెల్లూరు జిల్లా నుంచి రెండు సాక్ష్యాలు:

ఈ భేదం పుస్తకాలకే పరిమితం కాదనడానికి తెలుగునేల మీది రెండు సంఘటనలను పరిశీలించవచ్చు. రెండూ అప్పటి నెల్లూరు జిల్లాకు చెందినవే.

1937లో హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి ప్రచురించిన పరిశోధన నెల్లూరు జిల్లా గ్రామాలను ఆధారం చేసుకున్నది. ఎముకలు బిగుసుకుపోయి నడుము వంగిన ఆ రైతులకు ఆరోగ్య విద్య ఏమి చెప్పగలదు? ‘నీళ్ళు కాచి తాగండి’ అన్నది మన ఆరోగ్య ప్రబోధంలో అన్నిటికంటే పాతమాట. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం పోదు, నీరు ఆవిరైనకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. అంటే చెప్పినమాట శ్రద్ధగా విన్నవాడికే నష్టం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే ‘నల్లగొండ పద్ధతి’ 1970లలో రూపొందింది. తర్వాత నదీజలాలను గొట్టాలద్వారా తేవడమే మార్గమని ప్రభుత్వాలు గుర్తించాయి. ఈ వ్యాధి విషయంలో ఆరోగ్య సంవర్ధనమంటే తాగునీటి పథకమే.

రెండవది 1990ల తొలినాటి దూబగుంట. సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమంలో రాత్రిబడికి వచ్చిన స్త్రీలు, తాగుడు వల్ల చితికిపోయిన ఒక కుటుంబం కథను వాచకంలో చదివి, అది తమ కథేనని గుర్తుపట్టి, ఊరి సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఉద్యమం జిల్లా అంతటా వ్యాపించి సారా పాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలయింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

ఆరోగ్య విద్య కోణంలో ఇక్కడ ‘లక్ష్యవర్గం’ తాగే పురుషుడు. అతనికి కాలేయం బొమ్మ చూపించాలి. కానీ కదిలినవారు అతని భార్యలూ తల్లులూ. సారా చెడ్డదన్న జ్ఞానం వారికి కొత్తగా ఎవరూ ఇవ్వనక్కరలేదు. వారు మాట్లాడినది తాగేవాడి మనసుతో మాత్రమే కాదు, దుకాణంతోనూ వేలంపాటతోనూ ఖజానాతోనూ. ఒటావా పేర్కొన్న అయిదింటిలో చదవడమనే నైపుణ్యం, సామూహిక చర్య, పరిసరాల మార్పు, ప్రభుత్వ విధానం అనే నాలుగూ ఇక్కడ ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఈ ప్రేరణ ఆరోగ్యశాఖ నుంచి కాక అక్షరాస్యతా కార్యక్రమం నుంచి వచ్చింది. వైద్యసేవల దిశ మార్పు అనే అయిదవది మాత్రం ఈ కథలో కనిపించదు. తాగుడు వ్యసనమైనవారికి చికిత్స అన్న ప్రశ్న నిషేధ చర్చలో వెనుకబడిపోయింది. నిషేధం నిలవకపోవడానికి ఆబ్కారీ ఆదాయం ప్రధాన కారణమే అయినా, ఈ ఖాళీని కూడా గమనించాలి.

ఒక జాగ్రత్త అవసరం. ఆ స్త్రీలు తమ పోరాటాన్ని ఆరోగ్య కార్యక్రమంగా భావించలేదు. ఇంటికి చేరని కూలిడబ్బులు, రాత్రిపూట దెబ్బలు వారి మాటల్లోని విషయాలు. దాన్ని ‘ఆరోగ్య సంవర్ధనం’ అని పిలవడం మన పాఠ్యప్రణాళిక అవసరం. స్త్రీవాద, చారిత్రక పరిశోధనల్లో ఈ ఉద్యమానికి లభించిన స్థానంతో పోటీపడటం ఇక్కడ ఉద్దేశం కాదు. ఒటావా సూత్రాలను ఆంగ్ల పాఠ్యగ్రంథాల ఉదాహరణలతో వల్లెవేసే తెలుగు విద్యార్థికి ఈ ఉదాహరణ ముందుగా అందాలన్నదే నా వాదన.

7. పదం దగ్గరకు మళ్ళీ:

‘ప్రోత్సాహం’ ఎందుకు కుదరదో ఇప్పుడు చెప్పడం సులభం. తెలుగులో ప్రోత్సహించేవాడు ఒకడు, ప్రోత్సాహం పొందేవాడు మరొకడు. ‘ప్రోత్సాహకం’ అనగానే శస్త్రచికిత్స చేయించుకున్నవారికి ఇచ్చే డబ్బు స్ఫురిస్తుంది. ‘పరిరక్షణ’లో ఉన్నది పోకుండా కాపాడటమే తప్ప పెంచడం లేదు. ‘అభివృద్ధి’ ప్రభుత్వ పథకాల భాషలో అరిగిపోయింది. ‘సంవర్ధనం’ కొంత అపరిచితమైనా, పెరిగేది తనంతట తాను పెరుగుతుందనీ, ఇతరులు చేయగలిగింది నీరూ నేలా సమకూర్చడమేననీ సూచించగలదు.

అంతకంటే కష్టమైన పదం ఒటావా నిర్వచనంలోని ‘కంట్రోల్’. దానికి నిఘంటువు చెప్పే మొదటి తెలుగు మాట ‘నియంత్రణ’. ‘ప్రజలు తమ ఆరోగ్యంపై నియంత్రణ పెంచుకోవడం’ అని రాస్తే వ్యాకరణదోషం లేదు. కానీ ఆరోగ్య సందర్భంలో ఆ పదాన్ని తెలుగు పాఠకుడు ‘కుటుంబ నియంత్రణ’ నుంచే నేర్చుకున్నాడు. అక్కడ నియంత్రించినది ప్రభుత్వం, నియంత్రణకు లోనైనది ప్రజలు. నిర్వచనంలోని కర్త, కర్మ తారుమారవుతాయి. అందుకే ఈ వ్యాసంలో ‘పట్టు’ అనే దేశ్యపదాన్ని వాడాను. పరిభాషా నిర్మాణంలో సంస్కృత సమాసం పక్కన ఇటువంటి మాట తక్కువస్థాయిదిగా కనిపిస్తుందన్న ఆక్షేపణ రావచ్చు. దూబగుంట రాత్రిబడి నుంచి వచ్చిన ఒక స్త్రీకి ఆ నిర్వచనం చదివి వినిపిస్తే, అందులో ఆమె ఆగకుండా దాటే పదం ‘పట్టు’ ఒక్కటే. మొదట ప్రస్తావించిన అనువాద ప్రతిలో ఆ పేరాను ఇంకా సవరించలేదు. తదుపరి ముద్రణకు ఈ రెండు పదాలను పరిశీలనకు పంపవలసి ఉంది.